మాత్రలు తెస్తారు, వేసుకోరు: బీపీ మందులు ఎందుకు మానేస్తారంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 64 ఏళ్ళు, ఆరేళ్ళుగా బీపీ. క్లినిక్‌కి వెళ్ళినప్పుడల్లా పై అంకె 160 దాటే ఉంటోంది. డాక్టరు మందు పెంచుతూ పోయారు, ఒక మాత్ర కాస్తా మూడయ్యాయి. మొన్న బీరువా సర్దుతుంటే సొరుగు నిండా మాత్రల షీట్లు దొరికాయి, చాలావాటికి ఒక్క చిల్లు కూడా పడలేదు. అడిగితే "నేను బాగానే ఉన్నాను, నా సంగతి నాకు తెలుసు" అని కోప్పడుతున్నారు. మరిచిపోతున్నారా, మొండికేస్తున్నారా? అలారమ్ పెట్టాలా, దగ్గరుండి మింగించాలా, లేక పొడి చేసి ఆయనకు తెలియకుండా జ్యూసులో కలిపి ఇవ్వచ్చా?

నేను ఫార్మసిస్టుని. ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రిలో బీపీ క్లినిక్ పక్క గదిలో కూర్చుని, డాక్టరును చూసి వచ్చినవాళ్ళతో మందుల గురించి మాట్లాడటమే నా పని. మీ నాన్నగారి లాంటివాళ్ళు నాకు వారానికి పదిమంది తగులుతారు.

సూటిగా చెప్పాలంటే, చిల్లు పడని షీట్లు సొరుగు నిండా ఉన్నాయంటే అది మతిమరుపు కాకపోవచ్చు, చాలావరకు నిర్ణయమే. మరిచిపోయేవాళ్ళ షీట్లు వేరేలా ఉంటాయి: నాలుగు వేసుకుని ఒకటి వదిలేస్తారు, నెలాఖరుకి ఓ ఐదారు మిగులుతాయి. మీ నాన్నగారు ఆ మందు వద్దనుకున్నారు. అలా అనుకోవడానికి ఆయన దగ్గర ఏదో కారణం ఉంది. ఆ కారణం బయటికి రానంతవరకు అలారమ్ పెట్టినా, ఎదురుగా నిలబడి మింగించినా నాలుగు రోజుల ముచ్చటే.

కానీ అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. రేపటి నుంచి ఆ మూడు మాత్రలూ కచ్చితంగా వేయించడం మాత్రం మొదలుపెట్టకండి. డాక్టరు ఒకటిని మూడు చేసింది, ఆయన మొదటిది వేసుకుంటున్నా బీపీ దిగలేదనుకుని. అసలు ఒక్కటి సరిగ్గా వేసుకుని ఉంటే ఎంత దిగేదో ఎవరికీ తెలియదు. మాకు ఓ పెద్దావిడ విషయంలో ఇదే జరిగింది. తుంటి ఎముక విరిగి వార్డులో చేరారు. నర్సు చీటీలో రాసి ఉన్న నాలుగు బీపీ మాత్రలూ బుద్ధిగా వేళకి ఇచ్చింది. మూడో రోజు పొద్దున ఆవిడ మంచం మీద లేచి కూర్చోబోతూ కళ్ళు తిరిగి వాలిపోయారు. బీపీ చూస్తే పై అంకె 84. తర్వాత మెల్లగా చెప్పారు, ఇంట్లో ఆ నాలుగింటిలో ఒక్కటే, అదీ రోజు విడిచి రోజు వేసుకునేవారట. కాబట్టి మీరు మొదట చేయాల్సింది డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పడం: "సార్, మీరు రాసినవి ఆయన వేసుకోవడం లేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?" అని. ఇది ఈ వారమే చేయండి. ఈలోగా ఆయన తనంతట తాను వేసుకుంటున్నది ఏదైనా ఉంటే దాన్ని ఆపకండి.

ఈ సమస్య మీ ఇంటిదే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వేసిన నివేదికలో, దీర్ఘకాలిక జబ్బులకు మందులు చెప్పినట్టు వాడేవాళ్ళు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని రాసింది. 2008లో మరో పెద్ద పరిశీలన వచ్చింది. మూత తీసిన ప్రతిసారీ తేదీ, టైము నమోదయ్యే చిప్ ఉన్న డబ్బాల్లో బీపీ మందులు ఇచ్చి చూశారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది పూర్తిగా మానేశారు. మానకుండా వాడుతున్నవాళ్ళు మాత్రం ఏ రోజు చూసినా పదింట ఒక డోసే తప్పారు. అంటే మరుపు అనేది చిన్న చిల్లు. మానేయడం అనేది పెద్ద గండి. మనమేమో అందరం ఆ చిన్న చిల్లుకి అలారమ్‌లు అతికిస్తూ కూర్చుంటాం.

ఇక మానేయడానికి నేను విన్న కారణాలు చెప్తాను. మీ నాన్నగారిది వీటిలో ఒకటి కావచ్చు, రెండు మూడు కలిసినా ఆశ్చర్యం లేదు.

"నాకేం బాధ లేదు కదా." బీపీ మందుకున్న పెద్ద శాపం ఇది. పంటి నొప్పికి మాత్ర వేసుకుంటే గంటలో ఫలితం తెలుస్తుంది. బీపీ మాత్ర బాగా పనిచేస్తే ఏమీ జరగదు. ఆ "ఏమీ జరగకపోవడం" కోసమే రోజూ మింగమంటున్నాం. పైగా బాగానే ఉన్న మనిషికి మందు వేసుకున్నాక కాస్త నీరసమో, కళ్ళు తిరగడమో వస్తే, ఆయన లెక్కలో మందే జబ్బు. ఆ లెక్క తప్పే అయినా తెలివితక్కువది కాదు. పై అంకెను 10 తగ్గించగలిగితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు మొత్తం మీద సుమారు 20 శాతం, విడిగా పక్షవాతం పావు వంతుకు పైగా తగ్గుతాయని ఎన్నో ట్రయల్స్ కలిపి లెక్కగట్టి తేల్చారు. ఆ లాభం కంటికి కనబడదు. రానిదాన్ని చూపించి మెప్పించడం ఎవరి తరం?

దీని చుట్టమే ఇంకోటుంది. చాలామంది తలనొప్పిని బీపీ మీటరుగా పెట్టుకుంటారు. తల బరువుగా ఉంటేనో, కోపం వస్తేనో, టెన్షన్ పడితేనో "బీపీ పెరిగింది" అని ఓ మాత్ర, లేకపోతే లేదు. మామూలుగా 170 ఉన్నా తల నొప్పి పుట్టకపోవచ్చు. ఈ బాపతు వాళ్ళు "మానేశాను" అనరు. "అవసరమైనప్పుడు వేసుకుంటున్నా" అంటారు. మీ నాన్నగారి "నా సంగతి నాకు తెలుసు" అన్న మాటలో నాకు ఇదే వినిపిస్తోంది.

"నార్మల్ వచ్చింది, ఇంకెందుకు?" 128/80 చూడగానే నయమైపోయిందని సంబరపడి ఆపేస్తారు. గొడుగు కింద తడవకుండా నిలబడి, వాన లేదని గొడుగు మూసేసినట్టు. నేను ఒకే మాట చెప్తాను: "ఆ నంబరు మీది కాదు, మీదీ మందుదీ కలిసి తెచ్చుకున్నది." బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గించి, రోజూ నడిచి, నిజంగానే మందు తగ్గించుకోగలిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళను చూశాను. కానీ అది ఇంట్లో రీడింగులు చూసుకుంటూ, డాక్టరుతో కలిసి మెట్టుమెట్టుగా చేసే పని.

సైడ్ ఎఫెక్ట్స్. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పైకి "మరిచిపోయా" అని చెప్పినవాళ్ళలో చాలామంది దగ్గర అడుగున దొరికేది ఇదే. పరిష్కారం కూడా అన్నిటికంటే తేలిక ఇక్కడే.

ఆమ్లోడిపిన్ వేసుకునేవాళ్ళలో కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. డోసు పెరిగితే ఇంకా ఎక్కువ. చెప్పుల పట్టీ అచ్చు పడుతుంది. కాళ్ళు వాచాయంటే కిడ్నీలు పోయాయని భయపడి ఆ రాత్రే మానేస్తారు. ఈ వాపు సాధారణంగా కిడ్నీ వల్ల కాదు. సన్నటి రక్తనాళాలు వెడల్పయి నీరు బయటికి ఊరడం వల్ల. అయినా వాపు ఎందుకొచ్చిందో ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. మందు వల్లే అని తేలితే డోసు తగ్గించడమో, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటిది జతచేయడమో, మందే మార్చడమో చేస్తారు. నీరు పోయే మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) ఇస్తే ఈ రకం వాపుకి పెద్దగా ఉపయోగం ఉండదు.

ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మందులతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. గొంతులో ఈక పెట్టి గీరినట్టు, మాట్లాడనివ్వదు, పడుకోనివ్వదు. దానికి నెలల తరబడి సిరప్‌లు తాగినవాళ్ళు తెలుసు. మందును టెల్మిసార్టాన్ లేదా లోసార్టాన్ జాతికి మారిస్తే కొన్ని వారాల్లో దగ్గు దానంతటదే పోతుంది.

నీరు పోయే మాత్రల కథ వేరు. మా దగ్గరికి లాంగ్ రూట్ డ్రైవర్ ఒకతను వచ్చేవాడు. బీపీ ఓసారి 134, ఓసారి 172, ఏ పొంతనా లేదు. షీట్లు తెమ్మన్నాను. తెచ్చి బల్ల మీద పరిస్తే రెండు మాత్రల షీట్లు నీటుగా ఖాళీ, మూడోదానిలో మాత్రం వరసగా మూడు చిల్లులు, తర్వాత నాలుగు నిండుగా, మళ్ళీ రెండు చిల్లులు. మూడోది నీరు పోయే మాత్ర. చిల్లులు పడినవి సెలవు రోజులు, నిండుగా ఉన్నవి డ్యూటీ రోజులు. "బండి ఎక్కడ ఆపను సార్?" అన్నాడు. అతన్ని నిర్లక్ష్యమని ఎవరైనా తిడితే నేను ఒప్పుకోను. డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర తీయించి వేరేది పెట్టించాం. తర్వాత రీడింగులు దారికొచ్చాయి. అప్పటికి రెండేళ్ళుగా ప్రతి విజిట్‌లోనూ అతనికి క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఇచ్చి పంపుతున్నాం.

ఇక మగవాళ్ళు కూతురికీ కొడుక్కీ జన్మలో చెప్పని కారణం ఒకటుంది: పడకగది ఇబ్బంది. బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ లాంటి మందులు), నీరు పోయే మందుల్లో కొన్నిటితో అంగస్తంభన సమస్య రావచ్చు. చికిత్స లేని బీపీ, షుగరు, వయసు, పొగతాగడం కూడా అదే పని చేస్తాయి కాబట్టి నింద అంతా మాత్ర మీదే వేయలేం. భయం పాత్ర కూడా చిన్నది కాదు. 2003లో ఓ అధ్యయనంలో అటెనొలాల్‌ను మూడు గుంపులకు ఇచ్చారు. ఏం మందో చెప్పని గుంపులో ఈ సమస్య 3 శాతం మందికి వచ్చింది. మందు పేరు మాత్రం చెప్పిన గుంపులో దాదాపు 16 శాతం. పేరుతో పాటు ఫలానా ఇబ్బంది రావచ్చని కూడా చెప్పిన గుంపులో 31 శాతం. మందు ఒకటే, చెవిన పడిన మాట వేరు. అలాగని దాచి ఇవ్వమని కాదు నా ఉద్దేశం. ఇబ్బంది పడేవాళ్ళకు అది నిజమైన ఇబ్బందే, మార్చడానికి వేరే మందులున్నాయి. నేను మగవాళ్ళను ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క వాక్యం అడుగుతాను: "ఈ మందు మొదలెట్టాక కొందరికి దాంపత్యంలో ఇబ్బంది వస్తుంది, మీకేమైనా తేడా అనిపించిందా?" ఎంతమంది తలొంచుకుని అవునంటారో చెప్తే నమ్మరు. ఈ ప్రశ్న మీరు అడగక్కర్లేదు. డాక్టరుతో ఆయనను ఓ ఐదు నిమిషాలు ఒంటరిగా వదిలేసి మీరు బయట కూర్చోండి, చాలు.

భయాలు. "ఒకసారి మొదలెడితే జీవితాంతం వదలదు", "అలవాటైపోతుంది", "ఇన్ని మాత్రలు మింగితే కిడ్నీలు ఏమవుతాయి". మొదటిదానిలో నిజం ఉంది, చాలామందికి జీవితాంతం కావాలి. కానీ వదలనిది మందు కాదు, జబ్బు. అలవాటు అనేది మత్తుమందుల సంగతి, బీపీ మందుకి అది వర్తించదు. కిడ్నీల మాట తిరగేసి ఉంది: అదుపులో లేని బీపీ కిడ్నీలను పాడుచేసే పెద్ద కారణాల్లో ఒకటి. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి మొదలుపెట్టాక రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) కొద్దిగా పెరగడం మామూలే, 30 శాతం లోపు పెరిగితే చాలావరకు డాక్టర్లు మందు ఆపరు. కానీ ఆ రిపోర్టు ఇంటికొచ్చి, పక్కన చిన్న బాణం గుర్తు చూసి, ఎవరికీ చెప్పకుండా మానేసినవాళ్ళు నాకు బోలెడంతమంది తెలుసు.

ఇలాంటి భయాన్ని "ఛ, అదేం లేదు" అని కొట్టిపారేస్తే అది పోదు, లోపలికెళ్ళి కూర్చుంటుంది. మనిషి మనసులో ఓ తక్కెడ ఉంటుంది: ఒకవైపు ఈ మందు నాకెంత అవసరం, రెండోవైపు దీనివల్ల నాకేం ముప్పు. మనం ఎప్పుడూ మొదటి పళ్ళెంలోనే బరువులు వేస్తుంటాం, పక్షవాతం వస్తుంది, గుండె ఆగుతుంది అని. రెండో పళ్ళెంలో ఏముందో తీసి చూడం.

మాత్రల లెక్క. ఎన్ని ఎక్కువైతే అంత తప్పుతాయి. రోజుకొకసారి అయితే సాగేది, మూడుసార్లు అయితే సాగదు. ఇప్పుడు రెండు మూడు మందులు కలిపిన ఒకే మాత్రలు వస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, 2021 మార్గదర్శకాల్లో వీలైతే ఇలాంటివే వాడమంది. పైగా ఒకే మందు డోసు రెట్టింపు చేయడం కంటే, వేరే జాతి మందు ఒకటి కలపడం వల్ల బీపీ దాదాపు ఐదు రెట్లు ఎక్కువ దిగుతుందని లెక్కలున్నాయి. డోసు తక్కువగా ఉంటే ఇబ్బందులూ తక్కువే. మీ నాన్నగారి మూడు మాత్రలు ఒకటిగా మారే వీలుందేమో డాక్టరును తప్పకుండా అడగండి. షాపులో బ్రాండ్ మారి తెల్ల మాత్ర కాస్తా పసుపు రంగుకి మారితే "ఇది నాది కాదు" అని పక్కన పెట్టేవాళ్ళూ ఉంటారు. మారినప్పుడల్లా లోపల మందు అదేనని చూపించి చెప్పాలి.

చేతిలో డబ్బు లేక షీటు అయిపోయాక పది రోజులు ఆగి కొనేవాళ్ళు, సగం విరిచి వేసుకునేవాళ్ళు ఉన్నారు. మీ సొరుగు నిండుగా ఉంది కాబట్టి మీకు అది కాదు.

మనసు, జ్ఞాపకం, వేళ్ళు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకు రేపటి మీదే ఆసక్తి ఉండదు, రేపటి కోసం మాత్ర ఎందుకు మింగుతారు? ఈ మధ్య మాట తగ్గిందా, నిద్ర చెడిందా గమనించండి. అడిగిందే అడగడం, డబ్బు లెక్కలు తప్పడం లాంటివి కనిపిస్తే మతిమరుపు జబ్బు కోణంలో చూపించాలి. అప్పుడు నేను పైన చెప్పిన "నిర్ణయం" అన్న మాట వర్తించదు, ఎవరో ఒకరు చేతికివ్వాల్సిందే.

ఇక వేళ్ళ సంగతి నా సొంత తప్పు. ఒకావిడకు ఆరు నెలల పాటు ఫోన్‌లో అలారమ్ ఎలా పెట్టుకోవాలో, క్యాలెండర్ మీద టిక్కులు ఎలా పెట్టాలో నేర్పాను. ఎంతో ఓపికగా వినేవారు. ఓ రోజు నా ముందే మాత్ర వేసుకోమన్నాను. షీటు తీసుకుని బొటనవేలితో నొక్కారు. రాలేదు. తిప్పి గోరుతో గీరారు. కీళ్ళవాతంతో వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి, రేకు చిరగడం లేదు. మూడోసారి నొక్కితే మాత్ర ఎగిరి నేల మీద పడి బీరువా కిందికి దొర్లిపోయింది. "ఇంట్లోనూ ఇంతే బాబూ, రోజూ కోడల్ని అడగాలంటే మొహమాటం" అన్నారు. ఆ ఆరు నెలల్లో ఆవిడ చేతులు నేను ఒక్కసారి కూడా చూడలేదు. వారానికి సరిపడా మాత్రలు విప్పి పెట్టే డబ్బా ఒకటి ఇస్తే సమస్య తీరిపోయింది. కొన్ని మాత్రలు తేమ తగలకుండా షీటులోనే ఉండాలి, డబ్బాలోకి తీసేముందు షాపులో అడగండి.

మా వైపు తప్పులు. ఇది చెప్పకపోతే అన్యాయం. నాలుగు నిమిషాల్లో పేషెంటును పంపించేసే చోట "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగితే "ఆఁ" తప్ప వేరే జవాబు రాదు. చాలామంది విజిట్‌కి మూడు రోజుల ముందు నుంచి బుద్ధిగా వేసుకుని వస్తారు, పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరిచినట్టు. ఎన్ని మందులిచ్చినా బీపీ దిగని "మొండి బీపీ" కేసుల్లో మూత్రంలో మందు ఆనవాళ్ళు పరీక్షించి చూస్తే, గణనీయమైన సంఖ్యలో రాసిన మందులు శరీరంలోనే ఉండవు. అదే నమ్మకం ఉన్నచోట సంగతి వేరు. లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతి పురుషుల మీద జరిగిన ఒక ట్రయల్ 2018లో వచ్చింది. వాళ్ళు ఏళ్ళ తరబడి వెళ్ళే క్షౌరశాలకే ఫార్మసిస్టు వెళ్ళి, బీపీ చూసి మందు సర్దాడు. ఆరు నెలల్లో సగటున పై అంకె 27 తగ్గింది. బార్బరు కేవలం సలహా చెప్పి డాక్టరు దగ్గరకు పంపిన గుంపులో తగ్గింది 9. తెలిసిన చోటికి, తెలిసిన మనుషుల మధ్యకు వైద్యం వెళ్ళింది, తేడా అదే.

మరి ఎలా అడగాలి? "ఎందుకు వేసుకోవట్లేదు?" అని అడగకండి. అది ప్రశ్నలా వినబడదు, నిలదీసినట్టుంటుంది. నేను ఇలా అడుగుతాను: "చాలామందికి రోజూ వేసుకోవడం కుదరదండీ. పోయిన వారంలో మీకు ఎన్ని రోజులు కుదరలేదు?" తప్పడం మామూలే అని ముందే ఒప్పేసుకున్నాం కాబట్టి అబద్ధం చెప్పే అవసరం ఉండదు. తర్వాత, "ఈ మూడింటిలో మీకు అసలు పడనిది ఏది?" ఈ రెండో ప్రశ్న బంగారం. మనిషికి మందులన్నిటి మీదా కోపం ఉండదు, ఏదో ఒకదాని మీద ఉంటుంది, దాని పాపం మిగతావాటికి చుట్టుకుంటుంది. మీరైతే "నాన్నా, సొరుగు సంగతి వదిలేయండి. ఈ మాత్రలు వేసుకున్నప్పుడు మీకెలా ఉండేది?" అని అడిగి ఊరుకోండి. ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో సర్దిచెప్పకండి. నలుగురిలో, భోజనాల దగ్గర, అమ్మగారి సాక్ష్యంతో అసలు అడగకండి.

కారణం దొరికి, మందు సర్దుబాటు అయ్యాక అలవాట్ల సంగతి చూడచ్చు. అప్పుడు అలారమ్ కూడా పనికొస్తుంది, కానీ నా అనుభవంలో అంతకంటే గట్టిది రోజూ తప్పకుండా చేసే పనికి ముడిపెట్టడం. పళ్ళు తోముకునే బ్రష్ పక్కనే డబ్బా. పొద్దునా రాత్రా అని చాలామంది తర్జనభర్జన పడతారు. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా పాల్గొన్న ట్రయల్ ఫలితం 2022లో వచ్చింది: ఏ పూట వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా లేదు. మరిచిపోని పూటే మంచి పూట. నీరు పోయే మాత్ర మాత్రం పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర దక్కుతుంది.

ఒక పూట తప్పితే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే పాతది వదిలేయాలి. రెండూ కలిపి మింగకూడదు. ఆమ్లోడిపిన్ లాంటిది శరీరంలో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, ఒక రోజు తప్పినా గబుక్కున దిగజారదు. మెటోప్రొలాల్, అటెనొలాల్, క్లోనిడిన్ మాత్రం వేరు, రోజూ వేసుకుంటూ వీటిని హఠాత్తుగా ఆపితే ప్రమాదం. క్లోనిడిన్ ఆపేస్తే బీపీ ముందున్నదానికంటే పైకి ఎగదన్నవచ్చు. మొదటి రెండింటితో గుండె దడ, ఛాతీ నొప్పి రావచ్చు.

ఇంట్లో బీపీ మిషన్ ఒకటి కొనండి, చేతికి చుట్టేది. ఆయనకే అప్పజెప్పండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, మాట్లాడకుండా, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూసుకోవాలి. ఇంట్లో చూసుకునే సగటు 135/85 లోపు ఉండాలని సాధారణంగా చెప్తారు, క్లినిక్‌లో అయితే 140/90. మీ నాన్నగారికి ఎంత ఉండాలో డాక్టరు చెప్తారు. "నా సంగతి నాకు తెలుసు" అనే మనిషికి మీటరు చేతికిస్తే నిజంగానే తెలుస్తుంది. మందు వేసుకున్న వారం, మానేసిన వారం అంకెలు తన చేతిరాతతో కాగితం మీద చూసుకున్నాక నాతో వాదించినవాళ్ళు తక్కువ. రీడింగు 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు బలహీనత లాంటివి ఏవైనా ఉంటే మాత్రం రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి.

చివరగా జ్యూసులో కలిపే విషయం. వద్దు. కొన్ని మాత్రలు రోజంతా మెల్లగా విడుదలయ్యేలా తయారుచేస్తారు, పేరు చివర ఎక్స్ఎల్, ఎస్ఆర్ లాంటి అక్షరాలు ఉంటాయి. పొడి చేస్తే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి బీపీ పడిపోతుంది. మందు సంగతి అటుంచినా, తన బుర్ర సరిగ్గా పనిచేస్తున్న మనిషికి తెలియకుండా మందు పెట్టడం సరికాదు. ఏదో ఒక రోజు గ్లాసు అడుగున పొడి కనిపిస్తుంది. ఆ తర్వాత మీ చేతి మంచినీళ్ళు కూడా అనుమానంగానే తాగుతారు.

ఆ సొరుగులోని షీట్లు పారేయకండి. అన్నీ ఓ సంచిలో వేసి, వచ్చే విజిట్‌కి నాన్నగారి చేతే పట్టించి తీసుకెళ్ళండి. డాక్టరు బల్ల మీద అవి పరుచుకున్నాక నాలుగో మాత్ర రాయడానికి ఆయనకు చెయ్యి రాదు. గడువు తేదీ దాటనివి ఏవి వాడచ్చో, ఏవి తీసేయాలో కూడా అక్కడే విడదీయించుకోండి.